నడవాలో దొరికిన ప్రశ్న

"ప్రసంగాలన్నీ ఎలాగూ వీడియోలుగా పెడతారు కదా. కూర్చున్న చోటినుంచే చూడవచ్చు. ఆరుగురు పని ఆపుకుని మూడు రోజులు వెళ్లి రావడం అవసరమంటారా?"

సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సదస్సుకు ఆరుగురం వెళ్తామంటే మా మేనేజరు ఈ ప్రశ్న వేశారు, అప్పుడు నేను గట్టి జవాబు ఇవ్వలేకపోయాను. పరిచయాలు పెరుగుతాయన్నాను, కొత్త విషయాలు తెలుస్తాయన్నాను, టీముకు ఉత్సాహం వస్తుందన్నాను. వీటిలో అబద్ధం ఏదీ లేదు. అయినా ఆరుగురి మూడు రోజుల పనికి ఎదురు తూకం వేయడానికి ఈ మాటలు చాలవని చెబుతున్నప్పుడే నాకు తెలుసు. ఆయన మా మీద నమ్మకంతో సరే అన్నారు. ఆ నమ్మకానికి నేను బాకీ పడ్డ జవాబు ఇది. డెవలపర్లు డెవలపర్ల కోసం జరుపుకునే సదస్సుకు టీముగా ఎందుకు వెళ్లాలో, వెళ్లాక అక్కడ టీముగా ఎందుకు తిరగకూడదో, రెండూ చెప్పాలి.

ముందు మేం వెంట మోసుకెళ్లిన సమస్య సంగతి. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అందులో ఒక పెద్ద టేబుల్, అంటే సమాచారం దాచే పట్టిక, ఉంది. దాన్ని చదివే ప్రోగ్రాములు, అందులో రాసే ప్రోగ్రాములు రోజంతా పనిచేస్తూనే ఉంటాయి, అవి డేటాబేస్‌కు పంపే ఒక్కో అభ్యర్థనను క్వెరీ అంటాం. దానికి కొత్త కాలమ్ చేర్చవలసి వచ్చినప్పుడల్లా మా గుండెల్లో రాయి పడేది. కొన్నిసార్లు కమాండు ఇవ్వగానే పని పూర్తయ్యేది. కొన్నిసార్లు మేం నడిపే సేవ మొత్తం కొయ్యబారిపోయేది. ఒక రాత్రి 11 నిమిషాలు అలాగే ఉండిపోయింది. ఆ 11 నిమిషాలూ మా టీములోని ఏడుగురం ఒకే కాల్‌లో ఉన్నాం, ఒక్కరి నోటా మాట లేదు.

టేబుల్ మరీ పెద్దదైపోవడమే కారణమని మేం తేల్చుకున్నాం. అందుకని ఇలాంటి మార్పులన్నీ వాడకం తక్కువగా ఉండే వేళకు, రాత్రి రెండు గంటలకు మార్చుకున్నాం. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాం. ఈలోగా పెద్ద టేబుల్‌ను ముక్కలుగా విడగొట్టడం గురించి ఎన్నో వ్యాసాలు చదివాం, ఎన్నో వీడియోలు చూశాం. ఆ పనికి ఆరు నెలల ప్రణాళిక కూడా వేసుకున్నాం. ఈ వీడియోల సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాను.

సదస్సు మొదటి రోజు ఆరుగురం ఒకే వరుసలో కూర్చున్నాం. ఒకే ప్రసంగాలు విన్నాం. విరామంలో ఒకే గుంపుగా నిలబడి, ఆఫీసులో రోజూ అనుకునే మాటలే మళ్లీ అనుకున్నాం. ఎవరైనా దగ్గరకు వస్తే మర్యాదగా దారి ఇచ్చాం తప్ప మాటల్లోకి పిలవలేదు. తెలియని చోట తెలిసిన ముఖాలను అంటిపెట్టుకుని ఉండటం మనిషి స్వభావం, తప్పు పట్టలేం. కానీ సాయంత్రం లెక్క చూసుకుంటే, ఆ రోజంతా మాలో ఏ ఒక్కరూ కొత్తవారితో ఐదు నిమిషాలు మాట్లాడలేదు. మేనేజరు మాటే నిజమైంది. ఆ రోజు మేం చేసిన పనంతా ఇంట్లో తెర ముందు కూర్చునీ చేయగలిగేదే.

అప్పుడు మాలో అందరికంటే చిన్నది, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని అమ్మాయి నాతో అంది: "అన్నా, రేపు ఎవరి దారిన వాళ్లం విడిపోదాం. మనలో ఇద్దరం ఒకే గదిలో కనిపించకూడదు. రాత్రికి మాత్రం అందరం కూర్చుని ఎవరు ఏం విన్నారో చెప్పుకుందాం." టీములో పెద్దవాడిగా ఆ మాట నేను అనవలసింది. ఆమె అంతటితో ఆగలేదు. తలా ఒక చీటీ ఇచ్చి, మన టీముకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి రాసుకోమంది. నా చీటీ మీద పెద్ద టేబుల్‌ను విడగొట్టడం గురించి రాసుకున్నాను.

రెండో రోజు ఒక ప్రసంగం మధ్యలో లేచి బయటికి వచ్చాను. అలా లేచి రావడం అమర్యాద అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. 1980ల మధ్యలో హ్యారిసన్ ఓవెన్ అనే ఆయన ఓపెన్ స్పేస్ అనే సమావేశ పద్ధతిని రూపొందించారు. పెద్ద శ్రమతో ఒక సదస్సు నడిపించాక, విరామ సమయంలో జరిగిన మాటలే అన్నిటికంటే బాగున్నాయని వచ్చినవాళ్లు చెప్పడంతో, మొత్తం సమావేశాన్నే విరామంలా ఎందుకు నడపకూడదన్న ఆలోచన ఆయనకు వచ్చిందట. అందులో రెండు కాళ్ల నియమం అని ఒకటుంది. ఉన్నచోట నువ్వు నేర్చుకోవడమూ లేదు, ఎవరికీ ఉపయోగపడటమూ లేదంటే, నీ రెండు కాళ్లనూ వాడి ఇంకో చోటికి వెళ్లు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషవాళ్ల పైకాన్ వంటి సదస్సులు ఇలాంటి ఓపెన్ స్పేస్‌లకు వేరే గదులే కేటాయిస్తాయి. డెవలపర్లు నడవాలో జరిగే మాటలకు హాల్‌వే ట్రాక్ అని పేరు పెట్టి, కార్యక్రమ పట్టికలోని గదులతో సమానంగా చూస్తారు.

ఆ నడవాలో కిటికీ పక్కన ముగ్గురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. వాళ్ల మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అది ఊరికే ఏర్పడిన ఖాళీ కాదు. దాన్ని ప్యాక్‌మ్యాన్ నియమం అంటారు. సాఫ్ట్‌వేర్ పత్రాలను వెబ్‌లో ఉంచే రీడ్ ద డాక్స్ సహ వ్యవస్థాపకుడు ఎరిక్ హోల్షర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. గుంపుగా నిలబడినప్పుడు వలయాన్ని పూర్తిగా మూసేయకుండా ఒకరికి చోటు వదలాలి, పైనుంచి చూస్తే ప్యాక్‌మ్యాన్ వీడియో గేములోని నోరు తెరిచిన బొమ్మలా కనిపించాలి. ఒకరు వచ్చి చేరితే అందరూ కాస్త జరిగి మళ్లీ ఇంకొకరికి చోటు చేయాలి. ఎంతో చిన్న ఏర్పాటు. కానీ మొదటి రోజు మా ఆరుగురి గుంపులో లేనిది అదే. బిడియస్తుణ్ణి నేను. ఆ ఖాళీ లేకపోతే దాటుకుని వెళ్లిపోయేవాణ్ణి.

వాళ్లలో ఒకావిడ చాలాకాలంగా డేటాబేస్‌లతోనే పనిచేస్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు చీటీ చూసి ప్రశ్న అడిగాను. టేబుల్ ఎంత పెద్దదని ఆవిడ అడుగుతారనుకున్నాను. అడగలేదు.

"మీరు కాలమ్ చేర్చే సమయానికి ఆ టేబుల్ మీద చాలాసేపు నడిచే క్వెరీ ఏదైనా ఉంటుందా?"

"ఉండదండీ. రాత్రి రెండు గంటలకు చేస్తాం. అప్పుడు వాడేవాళ్లే ఉండరు."

"వాడేవాళ్ల సంగతి కాదు బాబూ. మీ రిపోర్టులు ఎన్నింటికి మొదలవుతాయి?"

రాత్రి ఒంటిగంటన్నరకు. ఆ జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రెండేళ్లలో ఈ రెండు గడియారాలనూ మేం ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

ఆవిడ నా చీటీ తీసుకుని వెనకవైపు ఒక వరుస గీశారు. కాలమ్ చేర్చే కమాండుకు టేబుల్ మీద పూర్తి తాళం కావాలి. ఆ తాళం పడినంతసేపు ఇంకెవరూ దాన్ని చదవడానికి కూడా వీల్లేదు. రిపోర్టు కోసం చాలాసేపు నడిచే క్వెరీ అప్పటికే టేబుల్‌ను చదువుతోంది కాబట్టి కమాండు దాని వెనక నిలబడి ఎదురుచూస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. కమాండు తర్వాత వచ్చిన ప్రతి చిన్న క్వెరీ, రెండు మిల్లీసెకన్లలో ముగిసేది కూడా, ఆ కమాండు వెనక నిలబడిపోతుంది. రిపోర్టు తప్పుకుంటే గాని కమాండు కదలదు, కమాండు కదిలితే గాని వరుస కదలదు. బయటినుంచి చూసేవారికి సేవ చచ్చిపోయినట్టే ఉంటుంది. టేబుల్‌లో వెయ్యి రికార్డులున్నా, వంద కోట్లున్నా ఇదే జరుగుతుంది. నిజానికి పోస్ట్‌గ్రెస్ 11, అంటే 2018లో వచ్చిన వెర్షన్‌నుంచి, స్థిరమైన డిఫాల్ట్ విలువతో, అంటే ఏమీ ఇవ్వకపోతే దానంతటదే పడే విలువతో, కాలమ్ చేర్చినా టేబుల్‌ను తిరగరాయవలసిన పని లేదు. తాళం దొరికితే చాలు, పని కనురెప్పపాటులో అయిపోతుంది.

"లాక్ టైమౌట్ పెట్టండి," అన్నారు ఆవిడ. "రెండు సెకన్లలో తాళం దొరక్కపోతే కమాండు తనంతట తానే తప్పుకుంటుంది. వెనకున్నవాళ్లు వెళ్లిపోతారు. కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి. అర్ధరాత్రి మాత్రం వద్దు. హాయిగా పగలే చేసుకోండి."

ఆ సెట్టింగు 2013లో విడుదలైన 9.3 వెర్షన్‌నుంచీ పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. మాన్యువల్లో ఉంది. బోలెడు వీడియోల్లోనూ ఉండే ఉంటుంది. మరి మాకు ఎందుకు కనబడలేదు? మేం వెతకలేదు. ఎందుకు వెతకలేదంటే, మా ప్రశ్న అది కాదు. పెద్ద టేబుల్‌ను విడగొట్టడం ఎలా అన్నది మా ప్రశ్న, దానికి ప్రపంచంలో అద్భుతమైన జవాబులున్నాయి. కృత్రిమ మేధను కూడా అడిగాం, అది ఓపికగా, అంచెలంచెలుగా విడగొట్టే పద్ధతి చెప్పింది. అడిగినదానికి చెప్పింది. వీడియో అయినా అంతే, పుస్తకమైనా అంతే. ఎదురుగా నిలబడి, మన ముఖం చూస్తూ, మనం చెప్పనిదాన్ని పసిగట్టి, "అది సరే, మీ రిపోర్టులు ఎన్నింటికి?" అని అడగడానికి ఇదే దెబ్బ తిన్న మనిషి కావాలి. మేనేజరు గారికి నా జవాబు ఇదే. జవాబులు ఇంటి దగ్గరా దొరుకుతాయి. తప్పు ప్రశ్న పట్టుకుని తిరుగుతున్నామని చెప్పే మనుషులు దొరకడం కష్టం, వాళ్లు అంతమంది ఒకేచోట ఉండేది ఇలాంటి మూడు రోజుల్లోనే.

దూరంనుంచి చూసినంత మాత్రాన ఏమీ రాదని నేను అనడం లేదు. 2009 జూన్‌లో వెలాసిటీ సదస్సులో ఫొటోల వెబ్‌సైట్ ఫ్లికర్‌కు చెందిన జాన్ ఆల్స్‌పా, పాల్ హామండ్ రోజుకు పదికి పైగా డిప్లాయ్‌లు, అంటే కొత్త కోడ్‌ను వాడుకలోకి పంపడాలు, ఎలా చేస్తున్నారో చెప్పారు. కోడ్ రాసేవాళ్లు, దాన్ని నడిపేవాళ్లు ఒకరినొకరు తప్పుపట్టుకోవడం మానేస్తే ఎంత సాధ్యమో చూపించారు. బెల్జియంలో ఉన్న ప్యాట్రిక్ డెబ్వా అక్కడికి వెళ్లలేక దాన్ని దూరంనుంచే చూశారు. చూసి ఏం చేశారు? ఆ ఏడాది అక్టోబరులోనే ఘెంట్ నగరంలో మనుషులను ఒకచోట చేర్చి డెవాప్స్‌డేస్ మొదలుపెట్టారు. ఆ రెండు పనులవాళ్లూ కలిసి పనిచేసే పద్ధతికి డెవాప్స్ అనే పేరు స్థిరపడింది అక్కడినుంచే. తెర మీద చూసింది ఆయనలో నిప్పు రాజేసింది, నిజమే. కానీ ఆ నిప్పుతో ఆయన చేసిన మొదటి పని అందరూ కలుసుకునే చోటును కట్టడం. 2020లో పైకాన్ యూఎస్, 2021లో ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా చదివి మార్చుకోగల కోడ్, రాసేవాళ్ల సదస్సు ఫోస్‌డెమ్ పూర్తిగా ఆన్‌లైన్‌లో జరగవలసి వచ్చింది. ప్రసంగాలు ఏమాత్రం తగ్గకుండా అందాయి. అలాంటి ఒక ఆన్‌లైన్ సదస్సులో నేనూ కూర్చున్నాను. ప్రసంగం అయిపోగానే తెర నల్లబడేది, గదిలో నేనొక్కణ్ణే మిగిలేవాణ్ణి. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నడవాలో నాకు జరిగినట్టే ఒక చిన్న గదిలో మా సహోద్యోగికి ఇంకొకటి జరిగింది. మేం రోజూ వాడే ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్, ఉంది. అందులోని ఒక లోపం గురించి ఎనిమిది నెలల క్రితం అతను లోపాలు నమోదు చేసే ఇష్యూ ట్రాకర్‌లో ఘాటుగా రాశాడు: ఇంత ముఖ్యమైన లోపాన్ని ఇన్నాళ్లు వదిలేస్తారా అని. ఆ లైబ్రరీ బాగోగులు చూసుకునే మెయింటెయినర్ ఆ రోజు పదిహేను మంది కూడా లేని గదిలో మాట్లాడారు. మా వాడు ఆయన వెనక ఒక టీము ఉంటుందనుకున్నాడు. ఆయన ఒక్కరే. ఉద్యోగానికి వెళ్లే ముందు తెల్లవారుజామున గంటసేపు చేసే పని అది. ప్రసంగం అయ్యాక మా వాడు ఆయన దగ్గరకు వెళ్లి, "ఆ మాట రాసింది నేనేనండీ, క్షమించండి" అన్నాడు.

ఆయనకు ఆ మాట గుర్తుంది. గుర్తుందని చెప్పారు కూడా. తర్వాత అడిగారు: "ఆ లోపాన్ని మళ్లీ రప్పించి చూపించే ఉదాహరణ మీ దగ్గర ఉందా? అది లేకనే ఆగిపోయాను."

మా దగ్గర ఉంది. ఎనిమిది నెలలుగా ఉంది. ఫిర్యాదు రాశాం, ఇది మాత్రం పంపలేదు. మూడో రోజు స్ప్రింట్. అందరూ బల్లల చుట్టూ చేరి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కలిసి పనిచేసే రోజు. వాళ్లిద్దరూ ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఆ లోపాన్ని పట్టిచ్చే పరీక్ష రాశారు. లోపం పట్టుబడిందనడానికి గుర్తుగా పరీక్ష విఫలమై తెర మీద ఎర్రగీత పడగానే ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. ఆ ఆనందం ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. సాయంత్రానికి లోపం సరిదిద్దారు, గీత పచ్చబడింది. మా వాడు అప్పటినుంచి ఎవరి ట్రాకర్‌లోనైనా ఒక మాట రాసే ముందు, ఆ పేరు వెనక ఉన్న మనిషి తెల్లవారుజామున లేచి కూర్చోవడం తలచుకుంటాడట.

ఇదంతా అన్ని సదస్సుల్లోనూ జరుగుతుందని చెప్పలేను. కంపెనీలు తమ సరుకు అమ్ముకోవడానికి పెట్టే సభలు వేరు. మేం వెళ్లిన చోట కూడా ఒక ప్రసంగం మొదటినుంచి చివరిదాకా అమ్మకమే. నేను సమయం అడిగి సంపాదించుకున్నవాణ్ణి, నాకు కోపం వచ్చింది. ఆపుకోను, ఆ కోపం న్యాయమైనది. డెవలపర్ల సదస్సును నిలబెట్టేది ఇంకో రకమైన నడవడి. ఫోస్‌డెమ్ ఏటా బ్రస్సెల్స్‌లో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరుగుతుంది. టిక్కెట్టు లేదు, పేరు నమోదు లేదు, నడిపేది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. పైకాన్ యూఎస్‌లో వక్తలు, నిర్వాహకులతో సహా అందరూ టిక్కెట్టు కొనాలన్న నియమం చాలా ఏళ్లు నడిచింది, కొనలేనివాళ్లకు ఆర్థిక సహాయం వేరేగా ఉంటుంది. రెండు పద్ధతులూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి గాని, రెండింటిలోనూ ఎవరూ అతిథి కాదు, ఎవరూ కొనుగోలుదారు కాదు. అలాంటి చోటనే మనిషి తన తప్పు నలుగురిలో చెప్పుకోగలడు. ర్యాన్ డాల్ 2009లో బెర్లిన్‌లో జావాస్క్రిప్ట్ భాషవాళ్ల జేఎస్‌కాన్ సదస్సులో, ఆ భాషను సర్వర్ల మీద నడిపే తన సాఫ్ట్‌వేర్ నోడ్‌ను పరిచయం చేశారు. 2018లో అదే జేఎస్‌కాన్ వేదిక మీద, నోడ్ విషయంలో తాను చింతిస్తున్న పది సంగతులు చెప్పారు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఎందరికో నోడే జీవనాధారం. ఆ మాటలు అమ్మకాల సభలో ఎవరు అనగలరు?

మా టీములోని ఆ చిన్న అమ్మాయి ఆ పనే చేసింది. లైట్నింగ్ టాక్ అంటే ఐదు నిమిషాల ప్రసంగం. ఆ పేరు 2000లో పెర్ల్ భాషవాళ్ల సదస్సులో మార్క్ జేసన్ డొమినస్ నడిపిన కార్యక్రమంతో వచ్చింది. పేరు ఇచ్చిన ఎవరైనా మాట్లాడవచ్చు, సమయం అయిపోతే ఆపేయాలి. రెండో రోజు రాత్రి నేను చీటీ వెనక బొమ్మ చూపించగానే ఆమె, "అన్నా, ఇది రేపు నేను చెప్పనా?" అంది. మన టీము తప్పు వందలమందిలో చెప్పడానికి నేను ఒక్క క్షణం వెనకాడాను. ఆ వెనకాడటం కూడా తప్పే. ఆమె స్లయిడ్‌లు చేయలేదు. చీటీ మీది బొమ్మనే ఫొటో తీసి తెర మీద పెట్టింది. రిపోర్టు, కమాండు, వెనక వరుస. గొంతు మొదట్లో వణికింది. "మేం రెండేళ్లు సరిగ్గా తప్పు సమయాన్నే ఎంచుకున్నాం" అన్నప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది, ఆ తర్వాత వణకలేదు. దిగి వచ్చాక ఐదుగురు వచ్చి తమకూ ఇలాగే జరుగుతోందని చెప్పారు. వాళ్లలో ఒకరి రిపోర్టులు రాత్రి ఒంటిగంటకు మొదలవుతాయి.

తిరిగి వచ్చాక ప్రసంగాల సారాంశాలతో నివేదిక ఇవ్వడం ఆనవాయితీ. అది ఇవ్వలేదు. ఎవరికి కావలసిన ప్రసంగం వాళ్లు చూసుకోవచ్చు, మేనేజరు గారు చెప్పింది ఆ మేరకు నిజం. మేం ఆరు చీటీలు ఇచ్చాం. ఒకవైపు తీసుకెళ్లిన ప్రశ్న, రెండోవైపు అది ఏమైందో. రెండు చీటీలు ఖాళీగానే తిరిగొచ్చాయి, ఆ సంగతీ దాచలేదు. ఆరు నెలల ప్రణాళిక రద్దయింది. ఆయన నా చీటీని రెండు వైపులా చదివి, తన దగ్గరే ఉంచుకుంటానన్నారు.

ఏడో మనిషి గురించి చెప్పకుండా ముగించలేను. మేం అక్కడ ఉన్న మూడు రోజులూ, సేవకు ఏమైనా అయితే ఏ వేళలోనైనా చూసుకునే ఆన్‌కాల్ డ్యూటీ ఆయనదే. రెండు రాత్రులు నిద్ర చెడింది. వెళ్లినవాళ్ల పేర్లే అందరూ చెప్పుకుంటారు, సేవను నిలబెట్టి వాళ్లను పంపినవాడి పేరు ఎవరూ ఎత్తరు. టీముగా వెళ్లడం అంటే ఉండిపోయినవాడినీ కలుపుకుని లెక్క.

తర్వాతి కాలమ్ చేర్చేటప్పుడు ఎంటర్ నొక్కింది ఆయనే. మధ్యాహ్నం మూడు గంటలకు, ఆఫీసంతా పనిలో ఉండగా. మొదటిసారి రెండు సెకన్లకు కమాండు తప్పుకుంది. నిమిషం ఆగి మళ్లీ నొక్కారు, అయిపోయింది. గ్రాఫులో గీత కదలనైనా కదల్లేదు. ఏడుగురం ఆ గీతనే చాలాసేపు చూస్తూ నిలబడ్డాం.

వచ్చే ఏడాది ఆయన వెళ్తారు, ఆన్‌కాల్ నాది. ఆయన బల్ల మీద ఇప్పటికే మూడు చీటీలు ఉన్నాయి. ఒకటి చదివి, దీనికి జవాబు మనకు తెలిసిందే కదా అన్నాను. ఆయన చీటీ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ మడతపెట్టారు.

"అయినా అడిగి వస్తానండీ," అన్నారు.